పత్తిపువ్వు, గోంగూర పువ్వు, ఆచార్య శేషాద్రి

మన యూనివర్సిటీ కెమిస్ట్రీ డిపార్టుమెంటు చరిత్ర ఎవరు చెప్పబూనుకున్నా మొదటి పేజీలోనే ఆచార్య తిరువేంకట రాజేంద్ర శేషాద్రి గారి పేరు వస్తుంది. వారు 1949 లో వాల్తేరు విడిచి ఢిల్లీ వెళ్ళారు. 1975 లో కాలధర్మం చెందారు. కాబట్టి ఈనాటి విద్యార్థి మిత్రుల్లో చాలామందికి ఆయన ఎవరో తెలియకపోతే అందులో వింత ఏమీ లేదు. తెలిసినవాళ్ళు కూడా ఎఫ్.ఆర్.ఎస్. అనీ, పద్మభూషణ్ అనీ రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటారు.

నేను కెమిస్ట్రీ వాణ్ణి కాను. బోటనీ చదువుకుని, ముప్ఫై ఏళ్ళు బోటనీ పాఠాలే చెప్పినవాణ్ణి. అయినా ఆయన గురించి రాయాలని నాకెందుకు అనిపించిందో ముందే మనవి చేస్తాను. ఏ మొక్క ఏ కుటుంబానికి చెందుతుంది, ఏది దేనికి దాయాది, ఏది మేనరికం అని తేల్చవలసిన బాధ్యత మా బోటనీ వాళ్ళది. పువ్వు విప్పి కేసరాలు లెక్కపెట్టి, అండాశయం అడ్డంగా కోసి గదులు చూసి తేల్చటం మాకు అలవాటు. మొక్క లోపల తయారయ్యే రసాయన పదార్థాలు కూడా ఈ చుట్టరికాలకి సాక్ష్యం చెబుతాయని చాలాకాలం మావాళ్ళు మనస్ఫూర్తిగా నమ్మలేదు. ఆ సాక్ష్యాన్ని ఈ కొండమీద, మన ఊళ్ళలో దొరికే పూలతో, పేరులో ఎక్కడా బోటనీ లేని ఒక కెమిస్టు ఓపికగా పోగుచేసి పెట్టాడు. అదీ నా ఆసక్తి.

శేషాద్రి గారు 1900 ఫిబ్రవరి 3 న తిరుచిరాపల్లి దగ్గర కుళిత్తలైలో పుట్టారు. తండ్రి బడిపంతులు. శ్రీరంగంలో, తిరుచిరాపల్లిలో చదువు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివేనాటికి ఇంటి పరిస్థితులు అంతంతమాత్రం. రామకృష్ణ మిషన్ వారు ఆదుకున్నారు. ఆ ఋణభావం ఆయన్ని జీవితమంతా అంటిపెట్టుకునే ఉంది. ప్రెసిడెన్సీలోనే బి.బి. డే గారి దగ్గర పరిశోధన మొదలుపెట్టి, 1927 లో ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద మాంచెస్టరు వెళ్ళి రాబర్ట్ రాబిన్సన్ దగ్గర చేరారు. 1929 లో డాక్టరేటు వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగాలి. రాబిన్సన్‌కి ఆ రోజుల్లో పూల రంగులంటే ప్రాణం. ఎర్ర, ఊదా, నీలం రంగులిచ్చే ఆంథోసయనిన్లని ప్రయోగశాలలో కట్టి చూపిస్తున్న కాలం అది. అదే 1929 లో రాబిన్సన్ బృందం పత్తిపువ్వులో ఉండే గాసిపెటిన్ అనే పసుపు పదార్థాన్ని కృత్రిమంగా తయారుచేసి దాని నిర్మాణం నిర్ధారించింది. బంతిపువ్వులో ఉండే క్వెర్సెటాజెటిన్‌ని కూడా తయారుచేసింది. ఈ రెండు పేర్లూ జ్ఞాపకం పెట్టుకోండి, మళ్ళీ వాటితో పని ఉంది.

మాంచెస్టరు తరువాత శేషాద్రి గారు ఆస్ట్రియాలో గ్రాట్జ్ నగరానికి వెళ్ళి ఫ్రిట్జ్ ప్రెగల్ దగ్గర సూక్ష్మవిశ్లేషణ నేర్చుకున్నారు. నాలుగైదు మిల్లీగ్రాముల పదార్థంతో అందులో కార్బను ఎంత, హైడ్రొజను ఎంత అని తేల్చే విద్య అది. దానికే ప్రెగల్‌కి 1923 లో నోబెల్ బహుమానం వచ్చింది. తట్టెడు పూలు ఉడికిస్తే చిటికెడు స్ఫటికాలు మిగిలే పనిలో దిగబోయేవాడికి అంతకంటే అక్కరకొచ్చే విద్య ఉండదు. ఆ తరువాత ఎడింబరోలో జార్జి బార్జర్ దగ్గర కొంతకాలం పనిచేసి 1930 లో స్వదేశం వచ్చారు. వస్తే దొరికింది కోయంబత్తూరు వ్యవసాయ పరిశోధనశాలలో మట్టి పరీక్షల ఉద్యోగం! అక్కడ మూడు నాలుగేళ్ళు గడిచాక ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి పిలుపు వచ్చింది. రాధాకృష్ణన్ గారు వైస్‌ఛాన్సలరుగా ఉండి, దేశంలో ఎక్కడ సమర్థుడు కనిపిస్తే అక్కణ్ణించి వాల్తేరుకి రప్పిస్తున్న రోజులవి. తరువాత వచ్చిన సి.ఆర్. రెడ్డి గారి హయాంలో, 1937 లో, శేషాద్రి గారు ప్రొఫెసరయ్యారు.

అప్పటి వాల్తేరు ఎలా ఉండేదో ఊహించుకోండి. 1926 లో పుట్టిన యూనివర్సిటీ. కొండ, ఇసుక, సముద్రం, కొత్త కట్టడాలు. కెమిస్ట్రీ వాళ్ళకి పెద్ద పరికరాలు లేవు, ఖరీదైన రసాయనాలు లేవు. ఉన్నది చుట్టూ చెట్టూ చేమా. శేషాద్రి గారు దాన్నే పెట్టుబడిగా తీసుకున్నారు. కానుగ గింజల నూనె నుంచి కరంజిన్, పాంగమాల్. రాళ్ళమీదా చెట్ల బెరళ్ళమీదా పెరిగే లైకెన్లు (మసాలాలో వేసుకునే రాతిపువ్వు ఆ జాతిదే). పత్తిపూలు, గోంగూర పూలు, గంగరావి పూలు, బంతిపూలు. పరిశోధనకి వచ్చిన కుర్రాళ్ళకి ఏది దొరికితే అది చేతికివ్వలేదు. ఒక కుటుంబంలో ఒక మొక్క పట్టుకుంటే దాని పక్కదీ, దాని పక్కదీ వరసగా పట్టించారు. నా దృష్టిలో ఆయన గొప్పతనమంతా ఆ వరసలో ఉంది.

పత్తిపూలలో గాసిపెటిన్ ఉన్నట్టు ఇంగ్లండులో ఎ.జి. పెర్కిన్ ముందే కనిపెట్టాడు. ఎండబెట్టిన పూలు నౌకలో తెప్పించుకుని ఆయన పరీక్ష చేస్తే, ఇక్కడ కె. నీలకంఠం, శేషాద్రి గార్లు పత్తి రకాలు వేరువేరుగా తీసుకుని పూల రంగులు పరీక్షించారు. గాసిపెటిన్‌తో పాటు హెర్బసెటిన్ అనే కొత్త పదార్థం దొరికింది. తరువాత పి. సూర్యప్రకాశరావు గారితో కలిసి ఎర్ర గోంగూర పూలు చూస్తే హిబిసెటిన్ అనే మరొక కొత్తది బయటపడింది. గోగు పూలలో మిరిసెటిన్, గంగరావి పూలలో కాంఫెరాల్, చక్కెరతో జతకట్టిన రూపంలో దొరికాయి.

ఈ పని ఎలా చేసేవారో ఈ తరం విద్యార్థికి చెప్పాలి. ఇవాళ ఆకు ముక్క యంత్రంలో పెడితే సాయంత్రానికి జాబితా వస్తుంది. ఆ రోజుల్లో పేపర్ క్రొమటోగ్రఫీ కూడా ఇంకా రాలేదు. పొద్దున్నే విచ్చిన పూలు కోయించాలి. పత్తిపువ్వు మర్నాటికి రంగు మారిపోతుంది. పూరేకులు నీడలో ఎండబెట్టాలి. వేడి ఆల్కహాలులో మళ్ళీ మళ్ళీ ఉడికించి, ఆ కషాయాన్ని చిక్కబరచి, ఈథరుతో మైనాలూ ఆకుపచ్చా తీసేసి, చల్లని చోట రోజుల తరబడి వదిలేస్తే అదృష్టం బాగుంటే పసుపు పొడి దిగుతుంది. దాన్ని ఆమ్లంతో ఉడికిస్తే చక్కెర ఒకవైపు, అసలు రంగు ఒకవైపు విడిపోతాయి. ఆ రంగుని స్ఫటికం చేసి, ద్రవీభవన స్థానం చూసి, మిథైల్ జత కట్టి, క్షారంతో విరగ్గొట్టి, ముక్కల్ని గుర్తుపట్టి, ఆ ముక్కలతో వెనక్కి పోయి బొమ్మ కట్టాలి. చివరకు అదే పదార్థాన్ని ల్యాబులో తయారుచేసి, చెట్టు ఇచ్చినదీ మనిషి చేసినదీ కలిపి కరిగిస్తే ద్రవీభవన స్థానం పడిపోకూడదు. అప్పుడే ఆ పేపరు బయటికి వెళ్ళేది.

ఇప్పుడు అసలు సంగతి. మొక్కల్లో సర్వసాధారణంగా కనిపించే పసుపు ఫ్లేవనాల్స్ మూడు: కాంఫెరాల్, క్వెర్సెటిన్, మిరిసెటిన్. వీటికి పక్క వలయంలో ఉన్న హైడ్రాక్సిల్ గుంపులు వరసగా ఒకటి, రెండు, మూడు. మామిడాకు మొదలు ఉల్లిపాయ దాకా ఇందులో ఏదో ఒకటి తగులుతూనే ఉంటుంది కాబట్టి వీటినిబట్టి కుటుంబం చెప్పటం కష్టం. కాని ఈ మూడింటికీ మొదటి వలయంలో ఎనిమిదో స్థానంలో అదనంగా ఒక్క హైడ్రాక్సిల్ తగిలించండి. కాంఫెరాల్ హెర్బసెటిన్ అవుతుంది. క్వెర్సెటిన్ గాసిపెటిన్ అవుతుంది. మిరిసెటిన్ హిబిసెటిన్ అవుతుంది. అంటే పత్తిలోనూ గోంగూరలోనూ దొరికిన కొత్తవాటికన్నిటికీ ఒకే చోట ఒకే పుట్టుమచ్చ! పత్తీ గోంగూరా బెండా మందారా ఒకే మాల్వేసి కుటుంబం అని మేము కేసరాల గొట్టం చూసి చెప్పే మాటని, ఆ పూల రంగు కూడా తనదైన భాషలో చెబుతోందన్నమాట.

బంతిపువ్వు సంగతి చూడండి. శేషాద్రి గారి బృందమే బంతిపూల నుంచి పటులెటిన్ తీసింది. అది క్వెర్సెటాజెటిన్‌కి దగ్గర బంధువు. క్వెర్సెటాజెటిన్ కూడా క్వెర్సెటిన్‌కి ఒక అదనపు హైడ్రాక్సిల్ తగిలించినదే. కాని అది ఎనిమిదో చోట లేదు, ఆరో చోట ఉంది. పత్తి గాసిపెటిన్‌నీ బంతి క్వెర్సెటాజెటిన్‌నీ తూకం వేస్తే అణుభారం ఒకటే, పరమాణువుల లెక్క ఒకటే. ఒక్క గుంపు కూర్చున్న కుర్చీ వేరు. బంతి కుటుంబం వాళ్ళకి ఆరో కుర్చీ అంటే మక్కువ, పత్తి కుటుంబం వాళ్ళకి ఎనిమిదోది. ఇది క్లాసులో చెప్పినప్పుడు నిద్రపోయే కుర్రాడు కూడా లేచి కూర్చోవటం నేను చాలాసార్లు చూశాను.

శేషాద్రి గారు అక్కడితో ఆగలేదు. మొక్క ఈ అదనపు గుంపుని ఎప్పుడు తగిలిస్తుంది అని అడిగారు. మొదటినుంచీ వేరే ముడిసరుకుతో కడుతుందా, లేక మామూలు ఫ్లేవనాల్ కట్టేశాక చివర్లో చేర్చుకుంటుందా? క్షారంలో పర్‌సల్ఫేటు వేసి ఆక్సీకరిస్తే ఉన్న హైడ్రాక్సిల్‌కి సరిగ్గా ఎదుటి చోట మరొకటి చేరుతుంది. ఆ పద్ధతిని ఫ్లేవోన్లకి వాడి, మామూలు వాటినుంచి ఎనిమిదో చోటు నిండిన వాటిని ల్యాబులో పుట్టించి చూపారు. కాబట్టి మొక్క కూడా అలాగే చివర్లో చేర్చుకుంటుందని ఊహించారు. వర్గీకరణకి ఈ ఊహ ఎందుకు ముఖ్యమంటే, రెండు మొక్కల్లో ఒకే పదార్థం కనిపించటం కన్నా, రెండూ ఒకే అడుగు వేయటం నేర్చాయని తెలియటం చుట్టరికానికి గట్టి ఋజువు. 2006 లో ఒక చామంతి జాతి పూలలో ఫ్లేవనాయిడ్ల ఎనిమిదో స్థానంలో హైడ్రాక్సిల్ చేర్చే ఎంజైమును వేరుచేసి ప్రకటించారు. ఎంజైములు చూసే వీలు లేని రోజుల్లో ఫ్లాస్కులో పర్‌సల్ఫేటు పోసి ఆయన చేసిన ఊహ ఆ విధంగా అరవై ఏళ్ళ పైచిలుకు నిలబడింది.

ఈ మధ్యలోనే యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6 న విశాఖపట్నం మీద జపాను వాళ్ళ బాంబులు పడ్డాయి. యూనివర్సిటీ భవనాలు సైన్యం వశమయ్యాయి. మనవాళ్ళు పెట్టే బేడా సర్దుకుని గుంటూరు చేరారు. రసాయనాలు దొరకవు, గాజుసామాను దొరకదు, సగం పుస్తకాలు ఎక్కడున్నాయో తెలియదు. అయినా ఇండియన్ అకాడమీ ప్రొసీడింగ్సు ఆ ఏళ్ళ సంపుటాలు తిరగేస్తే, ఆంధ్ర యూనివర్సిటీ, గుంటూరు అన్న చిరునామాతో పేపరు మీద పేపరు కనిపిస్తుంది. గోంగూరకి పేరు మోసిన గడ్డ మీద గోంగూర కుటుంబపు పూల రంగుల లెక్క తేల్చటం యాదృచ్ఛికమే కావచ్చు గాని, నాకు మాత్రం ఆ చిరునామా చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

పొగడ్తలతో సరిపెట్టటం న్యాయం కాదు. కెమిస్ట్రీ సాక్ష్యానికి కూడా అబద్ధపు సాక్ష్యం చెప్పే గుణం ఉంది. గాసిపెటిన్ తరువాతి కాలంలో రోడోడెండ్రాన్‌లో దొరికింది, ప్రిములాలో దొరికింది, ఒక గసగసాల జాతిలో దొరికింది. ఆఖరికి బంతి కుటుంబంలోనే, నేనిందాక చెప్పిన చామంతి జాతిలోనూ కనిపించింది. పుట్టుమచ్చ ఉన్నవాళ్ళంతా అన్నదమ్ములు కారు గదా! తేనెటీగల్ని పిలవటానికి పసుపు రంగు కావలసివచ్చిన చోట, సంబంధం లేని మొక్కలు కూడా అదే ఉపాయం విడివిడిగా కనిపెట్టి ఉండవచ్చు. అందుచేత ఒక్క పదార్థం పట్టుకుని కుటుంబాలు కలపటం, విడదీయటం సాహసం. ఇంకొక మాట కూడా బోటనీ వాడిగా అనాలి. ఆ కాలపు కెమిస్ట్రీ పేపర్లు అనేకం మొక్క పేరు చెప్పి ఊరుకుంటాయి. ఆ మొక్క నమూనా ఏ హెర్బేరియంలో దాచారో చెప్పవు. పేరు తప్పయితే వందల గంటల శ్రమ గంగపాలు. ఈ జాగ్రత్త మా దగ్గర నేర్చుకోవలసింది. వాళ్ళు అడగలేదు, మావాళ్ళూ పిలిచి చెప్పలేదు.

అయినా కెమిస్ట్రీ గెలిచిన సందర్భాలు చిన్నవి కావు. తోటకూర ఎరుపు, ఎర్రబచ్చలి, బీట్‌రూట్, కాగితంపువ్వు, చంద్రకాంత, నాగజెముడు పువ్వు: వీటి రంగు మందారపు ఎరుపు లాంటి ఆంథోసయనిన్ కాదు. ఇందులో నత్రజని ఉంటుంది. రాబిన్సన్ దంపతులు దీన్ని గమనించి నత్రజని ఉన్న ఆంథోసయనిన్లనే అనుకున్నారు. 1960 ప్రాంతంలో జూరిచ్‌లో డ్రైడింగ్, మాబ్రీ ప్రభృతులు ఇది వేరే జాతి రసాయనమని తేల్చారు. వాటినే ఇప్పుడు బీటాలైన్లు అంటున్నాం. ఒకే మొక్కలో రెండు రకాలూ కలిసి ఉండగా ఇంతవరకు చూడలేదు. ఎక్కడో విడిగా కూర్చోబెట్టిన జెముడు కుటుంబాన్ని తోటకూర వంశంలో కలపాలని ఈ రంగే గట్టిగా పట్టుబట్టింది. తరువాత డి.ఎన్.ఏ. వచ్చి అవునంది. అయితే అదే వంశంలోని కార్నేషన్ కుటుంబం మాత్రం మొండిగా ఆంథోసయనిన్‌తోనే ఉంది. రంగు ఒక్కటే చూసి దాన్ని బయటికి గెంటినవాళ్ళు పొరబడ్డారు.

మన పత్తి కుటుంబానికీ ఇలాంటి కథ ఉంది. పత్తిగింజల నూనె కల్తీ పట్టుకోవటానికి హాల్ఫెన్ పరీక్ష అని ఉంది. గంధకం కరిగించిన కార్బన్ డైసల్ఫైడు, అమైల్ ఆల్కహాలు చేర్చి వేడిచేస్తే నూనె ఎర్రబడుతుంది. ఆ ఎరుపుకి కారణం మూడు కార్బన్ల ఇరుకు వలయం ఉన్న అరుదైన కొవ్వు ఆమ్లాలు. అవి పత్తిలోనే గాక తెల్లబూరుగ గింజల్లోనూ, స్టెర్క్యులియా జాతి గింజల్లోనూ ఉన్నాయి. మేము చదువుకునే రోజుల్లో బూరుగది ఒక కుటుంబం, స్టెర్క్యులియాది ఒకటి, జనపనారది ఒకటి, పత్తిది ఒకటి. పరీక్షల్లో తేడాలు రాయకపోతే మార్కులు పోయేవి. 1998 లో డి.ఎన్.ఏ. ఆధారంగా వచ్చిన కొత్త వర్గీకరణలో నాలుగింటినీ కలిపి ఒకే మాల్వేసి చేశారు. నూనె కొట్టువాడి పరీక్ష వందేళ్ళ ముందే ఆ దారి చూపింది, మనమే చూడలేదు.

1949 లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వైస్‌ఛాన్సలర్ సర్ మారిస్ గ్వయ్యర్ ఆహ్వానం మీద శేషాద్రి గారు అక్కడి కెమిస్ట్రీ శాఖకి అధిపతిగా వెళ్ళారు. వాల్తేరులో ఆయన నాటిన మొక్క ఎండిపోలేదు. శిష్యుడు ఎల్. రామచంద్రరావు గారు ఇక్కడే ప్రొఫెసరై మన చెట్ల కెమిస్ట్రీని కొనసాగించారు. ఢిల్లీలో గురువుగారి దృష్టి పూలనుంచి చేవకర్ర మీదికి మళ్ళింది. పద్ధతి మాత్రం పాతదే, జాతిని జాతిగా వరసన పట్టటం. సిస్సూ కర్ర నుంచి 1950లలో డాల్బెర్జిన్ తీశారు. అది మామూలు ఫ్లేవనాయిడ్ల నడుం కాస్త మెలితిప్పినట్టుండే కొత్త తరహా అణువు. ఆ తరహావి డాల్బెర్జియా జాతిలో ఒకదాని తరువాత ఒకటి బయటపడి ఆ జాతికే గుర్తింపు చీటీలా అయ్యాయి. వేగిస, ఎర్రచందనం, వాటి చుట్టాలైన టెరోకార్పస్ జాతి కర్రల్ని కూడా పక్కపక్కన పెట్టి పోల్చారు. 1962 లో గీస్‌మన్ సంపాదకత్వంలో ఫ్లేవనాయిడ్ల మీద వచ్చిన పెద్ద గ్రంథంలో ఈయన రాసిన అధ్యాయాలు అప్పటి పరిశోధకులకి చేతిపుస్తకం లాంటివి.

గౌరవాలు ఆలస్యంగానైనా వరసగా వచ్చాయి. 1960 లో ఎఫ్.ఆర్.ఎస్., 1963 లో పద్మభూషణ్. 1967 లో మన హైదరాబాదులో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెసుకి అధ్యక్షులు ఆయనే. వెయ్యికి పైగా పేపర్లు, నూట అరవై మంది దాకా డాక్టరేటు శిష్యులు అని లెక్క చెబుతారు. ఆ లెక్క చూసి ముక్కు విరిచేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు: ఇన్ని పేపర్లలో ఒక్క మహా సిద్ధాంతం ఉందా అని. లేదేమో. కాని వర్గీకరణ శాస్త్రానికి కావలసింది ఒక మెరుపు కాదు. ఏ పువ్వులో ఏముందో, ఏమి లేదో, తప్పు లేకుండా రాసిపెట్టిన వేలాది చిన్న ఎంట్రీలు కావాలి. 1960లలో హెగ్నవర్ వంటివారు ఒక్కొక్క కుటుంబం కెమిస్ట్రీని సంపుటాలకెక్కించగలిగారంటే, అలాంటి ఎంట్రీలు అప్పటికే ఎవరో ఎండలో పూలు కోయించి, రాత్రిళ్ళు కూర్చుని రాసిపెట్టినందువల్లనే.

1965 లో పదవీ విరమణ అయింది. ఎమెరిటస్ ప్రొఫెసరుగా ల్యాబు మాత్రం వదల్లేదు. ఆయన చివరి ఏళ్ళలో పట్టుకున్న వాటిలో ఒకటి ఎర్రచందనం కర్రకి ఆ ఎరుపునిచ్చే శాంటలిన్. దాని నిర్మాణం మహా చిక్కు, ఎంతోమందిని తిప్పలు పెట్టింది. 1970ల మొదట్లో ఢిల్లీ నుంచి ఆయన శిష్యులతో కలిసి దాని మీద పేపర్లు వెలువడ్డాయి. 1975 సెప్టెంబరు 27 న ఆయన కన్నుమూశారు. ఆ కర్ర సొంత గడ్డ మన కడప, చిత్తూరు కొండలు, శేషాచలం.